మార్పు చీటీ వచ్చేదాకా అందరి డిజైనూ బాగానే ఉంటుంది

ఆరో శనివారం కాల్‌లో ఇద్దరమే మిగిలాం.

సాఫ్ట్‌వేర్ డిజైన్ నేర్పుదామని నేను పెట్టిన గ్రూపుకి మొదటి శనివారం నలభై మందికి పైనే వచ్చారు. సింగిల్టన్ అనే డిజైన్ పాటర్న్ గురించి చెప్పాను, అందరూ తలలూపారు. ఊపారనే అనుకున్నాను, కెమెరా ఒక్కరూ పెట్టలేదు. రెండో వారం ఫ్యాక్టరీ, మూడో వారం అబ్జర్వర్, తర్వాత స్ట్రాటజీ, డెకరేటర్. నా ప్లాను మహా పద్ధతిగా ఉండేది. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ నలుగురూ కలిసి 1994లో తెచ్చిన డిజైన్ పాటర్న్స్ పుస్తకంలో 23 పాటర్న్లున్నాయి, అంటే కోడ్‌లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సమస్యలకి పేరు పెట్టిన పరిష్కారాలు. వారానికొకటి చెప్పుకుంటూ పోతే అయిదున్నర నెలలు తిరిగేసరికి మాడ్యులర్ డిజైన్ (ప్రోగ్రాంని మాడ్యూళ్లనే విడివిడి ముక్కలుగా కట్టడం) ఒంటబట్టిన డెవలపర్ల గుంపొకటి తయారైపోతుంది. 23కీ స్లైడ్లు ముందే చేసి పెట్టుకున్నాను. ఆ ఫోల్డర్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆరు నుంచి ఇరవైమూడు దాకా ఏ స్లైడూ వెలుగు చూడలేదు.

నిజానికి నాలుగో వారమే నాకు అనుమానం రావాల్సింది. స్ట్రాటజీకి క్లాస్ డయాగ్రమ్ గీసి, బాణాలు పెట్టి, ఇరవై నిమిషాలు వివరించాక పైథాన్‌లో పనిచేసే ఒకమ్మాయి మైకు తీసి, "అంటే ఒక ఫంక్షన్‌ని ఇంకో ఫంక్షన్‌కి పంపడమే కదండీ?" అంది. అంతే. ఒక ఇంటర్‌ఫేస్, మూడు క్లాసులు, మధ్యలో కాంటెక్స్ట్ అని నేను గీసిందంతా ఆమె భాషలో ఒక్క లైను. కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ 1996లోనే ఈ లెక్క తేల్చాడు. ఆ 23లో 16 పాటర్న్లు డైనమిక్ భాషల్లో (పైథాన్ కూడా అలాంటిదే) బాగా తేలికైపోతాయి, లేదంటే అసలు కనబడకుండానే పోతాయి అని. ఆ రాత్రి కాసేపు గిలగిల్లాడాను. కానీ ఐదో వారం స్లైడ్లు సిద్ధంగా ఉన్నాయి కదా, ముందుకెళ్లిపోయాను.

అంతకంటే నన్ను కుదిపేసింది ఒక కుర్రాడు. తను పని చేసే చోట పెట్టిన కోడ్ ఎంతో సంతోషంగా చూపించాడు. అందులో ఐదు ఫ్యాక్టరీలు. ఒక్కో ఫ్యాక్టరీ ఒకే ఒక్క రకం ఆబ్జెక్ట్‌ని తయారుచేస్తుంది, ఇంకేమీ చెయ్యదు. ఎందుకు పెట్టావయ్యా అంటే, "మీరే చెప్పారు కదన్నా" అన్నాడు. నిజమే, నేనే చెప్పాను. జబ్బు పేరు చెప్పకుండా మందు పేరు చెప్పి పంపించాను, వాడు ఇంటిల్లిపాదికీ తాగించాడు.

ఇక ఆ ఆరో శనివారం మిగిలిన రెండో మనిషి. వయసులో నాకంటే పెద్దాయన. ఏళ్ల తరబడి పాత సిస్టమ్స్‌ని కిందపడకుండా నిలబెట్టే పని ఆయనది. అడాప్టర్ స్లైడ్లు తెరవబోతుంటే ఆపి, ఒకటి అడగనా అన్నారు. "ఒకే పనికి ఇద్దరు రెండు రకాలుగా కోడ్ రాశారనుకోండి. రెండూ నడుస్తున్నాయి. టెస్టులు రెండింటికీ పాసయ్యాయి. వీటిలో ఏది మంచి డిజైనో ఎలా చెబుతారు?"

కప్లింగ్ (ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం) తక్కువుండాలి, కొహెషన్ (ఒక ముక్కలో ఉన్నవన్నీ ఒకే పనికి చెందడం) ఎక్కువుండాలి అన్నాను. స్టీవెన్స్, మయర్స్, కాన్‌స్టంటైన్ 1974లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసినప్పటి నుంచి మన వృత్తి మొత్తం వల్లె వేస్తున్న మంత్రమే అది. "సరేనండీ, ఎక్కువా తక్కువా అని ఎలా కొలుస్తారు? నాకు చూపించండి" అన్నారు. చూపించలేకపోయాను. పదిహేనేళ్లుగా కోడ్ రాస్తున్నాను, రివ్యూల్లో 'ఈ డిజైన్ బాలేదు' అని వందసార్లు రాసుంటాను. అది బాలేదని నాకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు అప్పటిదాకా.

ఆ ప్రశ్నకి జవాబు 1972 డిసెంబర్ నుంచే ఉంది. కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో డేవిడ్ పార్నాస్ రాసిన ఆరు పేజీల పేపరు. అంతకుముందే రెండుసార్లు చదివాను దాన్ని. 'ఇన్ఫర్మేషన్ హైడింగ్' అన్న మాట పట్టుకుని, అంటే వేరియబుల్స్‌కి ప్రైవేట్ అని పెట్టడం కాబోలు అనుకుని పక్కన పెట్టేశాను. మూడోసారి చదివినప్పుడు గాని అసలు విషయం బుర్రకెక్కలేదు.

అందులో ఆయన తీసుకున్న ప్రోగ్రాం చాలా చిన్నది. కీవర్డ్ ఇన్ కాంటెక్స్ట్ ఇండెక్స్, ముద్దుగా క్విక్. కొన్ని శీర్షికలు లోపలికొస్తాయి. ప్రతి శీర్షికలోనూ మొదటి పదాన్ని తీసి చివర పెడుతూ పోతే ఎన్ని పదాలుంటే అన్ని రూపాలొస్తాయి. 'ఎర్ర కొండ నీడ' అన్నది 'కొండ నీడ ఎర్ర', 'నీడ ఎర్ర కొండ' అని కూడా అవుతుంది. ఇలా వచ్చిన రూపాలన్నిటినీ అకారాది క్రమంలో పేర్చి ఇవ్వాలి. ఏ పదంతో వెతికినా శీర్షిక దొరుకుతుందన్నమాట. మంచి ప్రోగ్రామర్ అయితే వారం రెండు వారాల్లో రాసేయగలడని పార్నాస్ అప్పట్లో అన్నాడు. ఇప్పుడు ఇరవై లైన్లు.

దాన్ని ఆయన రెండు విధాలుగా ముక్కలు చేసి చూపిస్తాడు. మొదటిది మనందరికీ అలవాటైన దారి. ఫ్లోచార్ట్ గీసుకుని ఒక్కో మెట్టుకి ఒక్కో మాడ్యూల్: చదివేది, తిప్పేది, వరస పెట్టేది, అచ్చేసేది, వీటన్నిటినీ నడిపేది. రెండో దారిలో వాక్యాల్ని మెమరీలో ఎలా దాస్తున్నామన్న సంగతి ఒక్క మాడ్యూల్‌కే తెలుసు. తిప్పిన రూపాల్ని నిజంగా తయారుచేసి పెట్టుకున్నామా, లేక అడిగినప్పుడు లెక్కగట్టి చెబుతున్నామా అన్నది ఇంకో మాడ్యూల్ గుట్టు. రెండు దారుల్లోనూ జరిగే పని ఒకటే. ఏది అందంగా ఉందన్న చర్చతో మొదలుపెట్టడు. రేపు మారే అవకాశమున్న సంగతులు ఐదు రాస్తాడు: ఇన్‌పుట్ తీరు మారితే, వాక్యాలన్నీ మెమరీలో పట్టకపోతే, ఇలాంటివి. ఒక్కో మార్పుకీ ఏ ఏ మాడ్యూళ్లు కదులుతాయో లెక్కపెడతాడు. వాక్యాల్ని దాచే పద్ధతి మారితే మొదటి దారిలో ప్రతి మాడ్యూలూ కదులుతుంది. రెండో దారిలో ఒక్కటే.

పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను. "అంటే మార్పు వచ్చేదాకా అందరి డిజైనూ బాగానే ఉంటుంది" అన్నారు. ఆ మాటే ఈ రాతకి పేరు పెట్టుకున్నాను.

గ్రూపుని మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఎనిమిది మందితో. పాటర్న్ పేరు ఎవరూ ఎత్తకూడదన్నది మొదటి షరతు. రెండు వారాలకొకసారి ఒక చిన్న ప్రోగ్రాం ఇస్తాం, ఎవరికి నచ్చిన భాషలో వాళ్లు రాస్తారు. అందరూ రాసి పంపేశాక, కాల్ మొదలైన పది నిమిషాలకి, మార్పు చీటీ తెరుస్తాం. ప్రోగ్రాం ఇప్పుడెలా మారాలో అందులో ఉంటుంది, ఆ మార్పు కోడ్‌లో చెయ్యాలి. రెండు వాక్యాలకి మించి ఉండకూడదు చీటీ.

మొదటి ప్రోగ్రాం క్విక్కే. ఎనిమిది రకాలొచ్చాయి. అన్నిటికంటే చిన్నది పద్నాలుగు లైన్లు, అన్నిటికంటే పెద్దది ఆ ఐదు ఫ్యాక్టరీల కుర్రాడిది. చీటీలో 'శీర్షికలు కోటి ఉన్నాయి, మెమరీలో పట్టవు' అని ఉంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరొకరుగా నవ్వడం మొదలుపెట్టారు. ఎనిమిదిలో ఆరింట్లో, ఫైలు చదివే చోట పుట్టిన ఆ పెద్ద లిస్టు చివరి ప్రింట్ దాకా చేతులు మారుతూ పోతోంది. దాన్ని ముట్టుకోని ఫంక్షన్ లేదు. కుర్రాడి ఫ్యాక్టరీలు కూడా కాపాడలేదు. ఆబ్జెక్టులు ఎలా పుడతాయన్నది దాచాడు గాని అవన్నీ ఒకే లిస్టులో ఉంటాయన్నది మాత్రం అందరికీ చెప్పేశాడు. పాటర్న్ పెట్టడానికీ మాడ్యూల్ చెయ్యడానికీ మధ్య ఉన్న దూరం ఆ రోజు వాడికి అర్థమైనంత బాగా నా స్లైడ్లు వెయ్యి చూపించినా అర్థమయ్యేది కాదు.

మార్కులు వెయ్యడంలో మాత్రం బోల్తా పడ్డాం. మార్పు కోసం ఎన్ని ఫైళ్లు ముట్టుకున్నారన్నది లెక్క పెడదామన్నాను. పార్నాస్ లెక్కే కదా. మూడో ప్రోగ్రాంకల్లా ఒకాయన నాలుగు వందల లైన్లూ ఒకే ఫైల్లో పెట్టి తెచ్చాడు. ఏ చీటీ వచ్చినా ఆయన ముట్టుకునేది ఒక్క ఫైలే, ప్రతిసారీ మొదటి స్థానం. తప్పు ఆయనది కాదు, కొలబద్ద నాది. దేన్ని కొలిస్తే మనుషులు దాన్ని మెప్పించడం నేర్చుకుంటారు, డెవలపర్లైతే ఇంకా తొందరగా నేర్చుకుంటారు.

దీనికి విరుగుడు ఆ పైథాన్ అమ్మాయే కనిపెట్టింది. నీ కోడ్‌లో మార్పు నువ్వు చెయ్యకూడదు, ఇంకొకరు చెయ్యాలి. ముందు ఫంక్షన్ల పేర్లు, అవి తీసుకునేవీ ఇచ్చేవీ మాత్రమే వాళ్లకి చూపిస్తాం. లోపల ఏముందో చూడాలనిపించినప్పుడల్లా, చూడొచ్చు గాని, 'తలుపు తీశాను' అని బయటికి చెప్పాలి. ఎన్ని తలుపులు తీశారన్నదే లెక్క. నాలుగు వందల లైన్ల ఫైలాయనకి మొదటి రోజే ఇరవై రెండు తలుపులు పడ్డాయి. దాన్ని మార్చడానికి కూర్చున్నామె దాదాపు ప్రతి ఫంక్షన్ లోపలికీ వెళ్లి రావాల్సి వచ్చింది. ఫైలు ఒక్కటే గాని అందులో ఎవరి సంగతి ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో చెప్పే గోడ ఒక్కటీ లేదు. ఫైళ్ల లెక్క చూపించనిది తలుపుల లెక్క చూపించింది. మార్పు చెయ్యడానికి మనిషి తలలో ఎంత పెట్టుకోవాలో అది చెబుతుంది. కప్లింగ్ అంటే అదే. ఆ పదం మాత్రం మేం వాడలేదు. ఇప్పుడు మా గ్రూపులో 'నీ కోడ్‌కి తలుపులెక్కువ' అంటే అందరికీ తెలుసు.

ఇంకో విషయం, చీటీలు ఎవరు రాస్తారన్నది. మొదట నేనే రాసేవాణ్ని, ఊహించి. ఊహించిన మార్పులతో ఏమవుతుందంటే జనం కూడా ఊహించడం మొదలుపెడతారు. రేపు డేటాబేస్ మారుతుందేమో, ఎల్లుండి మూడు కరెన్సీలు రావొచ్చేమో అని చీటీ రాకముందే గోడలు కట్టేస్తారు, రాని చుట్టం కోసం గదులు కట్టినట్టు. ఒకాయన ఏకంగా 31 మాడ్యూళ్లతో వచ్చాడు, ఒక్కోదాంట్లో సగటున తొమ్మిది లైన్లు. అప్పుడు లెఫ్ట్‌ప్యాడ్ కథ చెప్పాను. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి 11 లైన్ల ప్యాకేజీ ఒకటి తీసేస్తే, దాని మీద ఎక్కడో ఒక చోట ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతటా బిల్డ్ కాకుండా ఆగిపోయాయి. ఎడమ పక్కన ఖాళీలు నింపడమే అది చేసే పని. ముక్క చిన్నదైనంత మాత్రాన భారం తగ్గదు. దాని లోపల దాచదగ్గ గుట్టంటూ ఉండాలి, లేకపోతే తాళం వేసిన ఖాళీ గదే. అప్పటి నుంచి చీటీలో రాసే మార్పు నిజంగా ఎవరికో పనిలో ఎదురైందే అయ్యుండాలని నియమం పెట్టుకున్నాం. సంస్థ వివరాలు తీసేసి, మార్పు ఒక్కటే రాస్తారు. రాసేవాళ్లు వంతులవారీగా మారతారు, చీటీ రాసేముందు ఎవరి కోడూ చూడకూడదు.

నాకు బాగా ఇష్టమైన చీటీ పెద్దాయన రాసింది. ఆరు నెలల తర్వాత మళ్లీ క్విక్ ఇచ్చాం, ఈసారి అందరూ జాగ్రత్తగా రాశారు. ఇద్దరైతే పార్నాస్ పేపర్లో ఉన్న ఇంటర్‌ఫేస్‌ని (మాడ్యూల్‌ని బయటివాళ్లు ఏమేం అడగొచ్చన్న జాబితాని) ఉన్నది ఉన్నట్టు దింపారు. చీటీ తెరిస్తే 'శీర్షికలు ఇక తెలుగులో కూడా వస్తాయి, అకారాది క్రమం తప్పకూడదు' అని ఉంది. ఇంతేనా అన్నారు అందరూ. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ ఉంది కదా, అదే చూసుకుంటుంది అన్నారు.

మొదటి దెబ్బ సున్నా (ం) దగ్గర. యూనికోడ్‌లో సున్నా సంఖ్య 3074, అ సంఖ్య 3077. అంటే మామూలు పోలిక వాడితే అక్షరాలన్నిటికంటే సున్నా ముందుంటుంది, 'కంచె' వచ్చి 'కచేరి' ముందు కూర్చుంటుంది. వర్ణమాల ప్రకారం చూస్తే అం అన్నది ఔ తర్వాత రావాలి, కాబట్టి 'కంచె' 'కౌలు' తర్వాతకి పోవాలి. చాలా నిఘంటువులు మాత్రం సున్నా పదాల్నే ముందు వేస్తాయి. ఏది ఒప్పని అరగంట వాదన జరిగింది. ఆ వాదనే అసలు పాఠం: మనుషులు అరగంట వాదించుకున్న ప్రతి సంగతీ రేపు మారే సంగతే, దానికొక గోడ కావాలి. పోలికని ఒకే ఫంక్షన్‌లో పెట్టుకున్నవాళ్లు రెండు నిమిషాల్లో ముగించారు. ఒకరి కోడ్‌లో మాత్రం వరస పెట్టేటప్పుడు ఒక పోలిక, వెతికేటప్పుడు బైనరీ సెర్చ్‌లో (వరసని సగం సగం చేస్తూ వెతికే పద్ధతి) ఇంకో పోలిక. వరస పెట్టే చోట తెలుగు పద్ధతి పెట్టేసి హమ్మయ్య అనుకున్నారు. అంతే, ఇండెక్స్‌లో ఉన్న శీర్షికే వెతికితే లేదంటుంది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. ఒకే నిర్ణయం రెండు చోట్ల కాపురముంటే జరిగేదిదే. దాన్ని కనిపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది, ఎవరూ కాల్ వదిలి పోలేదు.

రెండో దెబ్బ ఇంకా లోతైంది. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం, చేత్తో రాస్తే ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. పార్నాస్ ఇంటర్‌ఫేస్‌లో వాక్యాల్ని దాచే మాడ్యూల్‌ని ఇలా అడుగుతాం: ఫలానా వాక్యంలో, ఫలానా పదంలో, ఇన్నో అక్షరం ఏది? మెమరీలో ఎలా ఉందన్నది చక్కగా దాచిపెట్టే ప్రశ్నే. కానీ అక్షరం అనేదొకటి ఉంటుంది, దానికి వరస సంఖ్య ఉంటుంది అన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. తెలుగొచ్చేసరికి ఆ నమ్మకమే కదిలింది. పేపర్‌ని నమ్ముకున్న ఇద్దరి కోడ్‌లోనూ, అక్షరం అక్షరం అడుగుతూ పోయే ప్రతి మాడ్యూలూ తెరవాల్సి వచ్చింది. పెద్దాయన తాపీగా అన్నారు, "దాచాల్సింది తలుపు మీదే రాసి పెట్టుకున్నాం" అని.

చివరికి ఇంటర్‌ఫేస్‌లో అడిగే ప్రశ్నే మార్చారు. ఇన్నో అక్షరమేది అని అడక్కుండా, ఈ పదం ఆ పదం కంటే ముందొస్తుందా అని అడగడం. జవాబు చెప్పేవాడికి అక్షరమంటే ఏమిటో తెలిస్తే చాలు, అడిగేవాడికి అక్కర్లేదు. ఎంత చిన్న తేడా! నేను ఇన్నాళ్లూ ఇంటర్‌ఫేస్ అంటే లోపలి డేటాకి కిటికీ అనుకున్నాను. అడిగేవాడికి నిజంగా కావలసిందేమిటో తెలుసుకుని దానికి మాత్రమే జవాబివ్వడం అని ఆ రోజు పదిమందిలో ఒకణ్నిగా కూర్చుని నేర్చుకున్నాను. పార్నాస్‌ని తప్పు పట్టడానికి లేదు. ఆయన చీటీల్లో తెలుగు లేదు, అంతే.

ఇక కాల్‌లో మాటల సంగతి. గ్రూపు నడవడంలో అన్నిటికంటే కష్టమైంది ఇదే. కోడ్ రాసినవాళ్లు పక్కనే ఉంటే ఊరుకోరు. 'అదెందుకలా పెట్టానంటే' అని మొదలుపెడతారు. వివరణ విన్నాక ప్రతి డిజైనూ సబబుగానే అనిపిస్తుంది. మాటకారి సీనియర్ల కోడ్‌లో తలుపులు తక్కువగా, మాట రాని జూనియర్ల కోడ్‌లో ఎక్కువగా లెక్క తేలేది. నాలుగు నెలలు దీన్ని గమనించనే లేదు నేను.

దీనికి మందు పాటర్న్లు రాసేవాళ్ల చరిత్రలోనే దొరికింది. పాటర్న్ల కోసం 1993లో ఏర్పడ్డ హిల్‌సైడ్ గ్రూపు 1994లో ఇల్లినాయ్‌లోని ఆలర్టన్ పార్కులో ప్లాప్ అనే సదస్సు మొదలుపెట్టింది. అక్కడ పాటర్న్ రాసి తెచ్చినవాళ్లు వేదికెక్కి ఉపన్యాసమివ్వరు. కవులూ కథకులూ కూర్చుని ఒకరి రాత ఒకరు చదువుకునే పద్ధతిని, లిస్ప్ ప్రోగ్రామర్, కవి కూడా అయిన రిచర్డ్ గేబ్రియల్ అక్కడికి తెచ్చాడు. రాసినవాళ్లు ఒక ముక్క చదివి వినిపించి ఇక మౌనంగా ఉండాలి, గోడ మీద ఈగలాగా. మిగతావాళ్లు, ఆ మనిషి అక్కడ లేనట్టే, ముందు బాగున్నవి మాట్లాడుకుంటారు, తర్వాత బాగుపడాల్సినవి. చివర్లో రాసినవాళ్లకి అర్థం కానిది అడగడానికి అవకాశముంటుంది, సమర్థించుకోవడానికి ఉండదు.

అదే మేమూ పెట్టుకున్నాం. కోడ్ రాసినవాళ్ల మైకు ఆగిపోవాలి. మొదటిసారి ఒకాయన మైకు ఆపి, రెండు నిమిషాలకోసారి చాట్‌లో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. చాట్ కూడా ఆపాం. కష్టంగానే ఉంటుంది. కానీ పనిచోట మన కోడ్ చదివే మనిషికి మనం పక్కన ఉండం కదా. మనం వెళ్లిపోయిన మూడేళ్లకి ఎవరో రాత్రిపూట తెరుస్తారు, వాళ్లకి మన వివరణ వినబడదు.

(ఈ గుంపుల చరిత్రలో ఇంకో ముచ్చట. మనం రోజూ వాడే వికీ కూడా పాటర్న్ల మనుషుల కోసం పుట్టిందే. పాటర్న్ల గురించి అందరూ కలిసి రాసుకోవడానికి వార్డ్ కనింగ్‌హామ్ 1995 మార్చి 25న పెట్టిన చోటే మొట్టమొదటి వికీ. అంతకు ఎనిమిదేళ్ల ముందు కెంట్ బెక్‌తో కలిసి, ఇళ్లూ ఊళ్లూ కట్టే పాటర్న్ల గురించి ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ అలెగ్జాండర్ చెప్పినదాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చిందీ ఆయనే. అలెగ్జాండర్ లెక్కలో పాటర్న్లు 253. నా బుర్రకి అది తట్టి ఉంటే ఐదేళ్ల ప్లాను వేసేవాణ్నేమో.)

మా గొప్ప వైఫల్యం గురించి కూడా చెప్పాలి. చీటీలు పంచడానికి, ఎవరి కోడ్ ఎవరికి వెళ్లాలో తేల్చడానికి చిన్న సాధనమొకటి మనమే రాసుకుందామనుకున్నాం. అప్పటికి ఇరవై ఇద్దరయ్యాం. ఖాళీ దొరికే వేళల్ని బట్టి మూడు జట్లుగా విడిపోయాం: పొద్దున వాళ్లు, రాత్రి వాళ్లు, ఆదివారం వాళ్లు. రెండు నెలల తర్వాత కోడ్ చూస్తే సరిగ్గా మూడు మాడ్యూళ్లు. మూడింటిలోనూ 'సభ్యుడు' అన్న క్లాసు ఎవరిది వాళ్లకుంది. ఒకదాంట్లో సభ్యుడికి పేరుంది, ఒకదాంట్లో సంఖ్య, మూడోదాంట్లో పేరూ సంఖ్యా రెండూ ఉన్నాయి గాని ఆ సంఖ్య వేరు. ఒక సంస్థ తయారుచేసే డిజైన్‌లో ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారన్న బొమ్మే దిగుతుందని మెల్విన్ కాన్వే 1968లో రాశాడు. ఆ మాట గ్రూపులో నేనే రెండుసార్లు చెప్పాను, మూడోసారి మేం దాన్ని రుజువు చేశాం. పొద్దున జట్టుకీ రాత్రి జట్టుకీ మధ్య మాటల్లేవు, వాళ్ల మాడ్యూళ్ల మధ్యా లేవు.

బాగు చెయ్యడానికి కోడ్ ముట్టుకోలేదు. ముందు జట్లని మార్చాం. వేళని బట్టి కాకుండా ఒక్కో జట్టుకి ఒక్కో గుట్టు ఇచ్చాం. సభ్యుల సంగతి ఒక జట్టుకి, ఎవరి కోడ్ ఎవరికన్న జత కలిపే పద్ధతి ఒక జట్టుకి, చీటీలు దాచి సమయానికి తెరవడం ఒక జట్టుకి. వేళలు కుదరక కొందరు మానేశారు, అది నిజంగా బాధే. కానీ జత కలిపే పద్ధతి ఆ తర్వాత నాలుగుసార్లు మారింది, మిగతా రెండు జట్లకి ఆ సంగతే తెలియదు.

పాటర్న్ల పేర్లు మళ్లీ వచ్చాయా అని అడుగుతారేమో. వచ్చాయి, వాటంతట అవే. ఏడో నెల్లో ఎవరో, మెసేజ్ ఎలా పంపాలన్నది బయటి నుంచి ఇచ్చేలా మార్చి చూపిస్తే, ఆ ఐదు ఫ్యాక్టరీల కుర్రాడు, "అన్నా, ఇది స్ట్రాటజీ కదూ?" అన్నాడు. అవును, అదే. పేరు పనికొచ్చేది అప్పుడే, చేసిన పనిని ఇంకొకరికి ఒక్క మాటలో చెప్పాల్సి వచ్చినప్పుడు. వాడిప్పుడు ఫ్యాక్టరీలు పెట్టడం మానేశాడు. మరీ మానేశాడు, కావలసిన చోట కూడా పెట్టడు. అదొక గొడవ.

పోయిన శనివారం నా వంతు. ప్రోగ్రాం రాసి పంపాను, నాదే అందరికంటే బాగుంటుందని నమ్మకం కూడా ఉంది. చీటీ తెరిచారు: 'ఒకే సభ్యుడు ఇకపై రెండు గ్రూపుల్లో ఉండొచ్చు.' నా కోడ్ మార్చడానికి కొత్తగా చేరినామె కూర్చుంది, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదట. నేను మైకు ఆపేసి కూర్చున్నాను. ఆమె ఒక్కో తలుపూ తీస్తూ గట్టిగా లెక్కపెడుతోంది. మూడు. నాలుగు. ఐదో దగ్గర కాస్త ఆగింది. ఏడో తలుపు తీసి, "ఈ ఫంక్షన్ గ్రూపు పేరు ఎందుకడుగుతోంది? దీనికి దాంతో పనేముంది?" అంది. ఎందుకో నాకు తెలుసు. మైకు బటన్ మీద వేలు పెట్టాను, మళ్లీ తీసేశాను.